సెన్సిటివ్ చర్మానికి నిజంగా మెత్తగా ఉండే మేకప్ బ్రష్‌ని ఎలా గుర్తుపట్టాలి?

వానచినుకు

అందరికీ నమస్తే. నాకు బుగ్గల మీద రొజేషియా ఉంది, అంటే ముఖం ఊరికే ఎర్రబడి మండే చర్మ సమస్య. మందు వాడుతూ అదుపులోనే పెట్టుకుంటున్నా. ఫౌండేషన్, పౌడర్ ఏళ్ళ తరబడి వాడుతున్నవే, అవేమీ మార్చలేదు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక బ్రష్‌ల సెట్ తెప్పించుకున్నా. అప్పటినుంచి ఒకటే గోల. వేళ్ళతో రాసుకుంటే ఏమీ కాదు. బ్రష్ పెట్టానో లేదో బుగ్గలు చిరచిరలాడి ఎర్రబడిపోతున్నాయి. డబ్బా మీద ‘అల్ట్రా సాఫ్ట్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అరచేతి మీద రాసి చూస్తే అది అబద్ధమనీ అనిపించదు, పట్టులాగే ఉంది. మరి ముఖం మీద ఎందుకిలా?

నాకు పెద్ద కలెక్షన్ అక్కర్లేదు. ఫౌండేషన్‌కి ఒకటి, పౌడర్‌కి ఒకటి, బ్లష్‌కి ఒకటి చాలు. జంతువుల వెంట్రుకలతో చేసినవి మేలా, సింథటిక్ మేలా? కొనేముందు ఏం చూసుకోవాలి? ఫలానా బ్రాండ్ కొనుక్కో అని కాకుండా, ఎలా ఎంచుకోవాలో చెప్తే ఎక్కువ ఉపయోగం.

గోరింటపువ్వు

నాదీ సేమ్ ప్రాబ్లం. నేనూ ఇక్కడే కూర్చుంటున్నా.

రంగులపెట్టె

వానచినుకు గారూ, నేను నాటకాలకి మేకప్ వేస్తుంటాను. ఒకే సాయంత్రం రకరకాల ముఖాల మీద బ్రష్ ఆడించాలి, అందులో మీలాంటి చర్మాలూ ఉంటాయి.

ముందు అరచేతి సంగతి. అక్కడి చర్మం మందం. అరచేతిలో మెత్తగా తోచింది బుగ్గ మీద కూడా అలాగే ఉంటుందని ఏమీ లేదు. చూడాలంటే చెవి కింద, మెడ పక్కన చూడండి. అదీ ఒకసారి నిమిరేసి వదిలేయకండి. కుచ్చుని నిటారుగా పెట్టి మెల్లగా నొక్కండి, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో తెలుస్తుంది. తర్వాత ఒక పక్కకి లాగి, మళ్ళీ వెనక్కి లాగండి. ఆఖరున ఉన్నచోటే గుండ్రంగా తిప్పండి. పక్కకి లాగినప్పుడు మనకి తగిలేది వెంట్రుకల ఒళ్ళు. నొక్కినప్పుడూ తిప్పినప్పుడూ తగిలేవి కొనలు. అరచేతి మీద మనమంతా చేసేది నిమరడమే, అందుకే ఏ బ్రష్షయినా బాగానే అనిపిస్తుంది.

అసలు విషయమంతా ఆ కొనల్లోనే ఉంది. కుచ్చుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అంచుని చూడండి. కొనలు సన్నబడుతూ పోయిన బ్రష్‌కి అంచు మసకమసకగా, ఎక్కడ ముగిసిందో తెలియనట్టు కనిపిస్తుంది. యంత్రంతో సమంగా కోసేసిన బ్రష్‌కి అంచు గీత గీసినట్టు ఉంటుంది. కోసిన కొన మొద్దుగా ఉంటుంది, కానీ దాని చుట్టూ పదునైన అంచు ఉంటుంది. అలాంటివి వేలకొద్దీ ఒకేసారి బుగ్గ మీద తిరిగితే రొజేషియా ఊరుకుంటుందా?

మీ ఫౌండేషన్ బ్రష్ ఏ ఆకారం? చదునుగా, ఒత్తుగా ఉండేదేనా?

తెల్లకుంచె

నేను మేకప్ వేసుకునే మనిషిని కాను, నీటిరంగులు వేస్తాను. మా అమ్మాయి ఈ చర్చ చూపించి ‘నాన్నా, నీకు తెలిసింది చెప్పు’ అంది. కుంచె ఏదైనా వెంట్రుక వెంట్రుకే కదా అని రాస్తున్నా.

జంతువు వెంట్రుకకి కొన పుట్టుకతోనే సన్నగా ఉంటుంది. తయారీలో ఆ కొనని కోయకపోతే మెత్తన అలాగే నిలుస్తుంది. జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే ఊరు ఈ పనికి పెట్టింది పేరు. అక్కడ ముందు రాతకుంచెలు చేసేవాళ్ళు, ఆ పనితనమే మేకప్ బ్రష్‌లకీ వచ్చింది. వాళ్ళ సంప్రదాయ పద్ధతిలో కుచ్చుని కత్తిరించి గుండ్రంగా చేయరు. వెంట్రుకల్ని పేర్చడంలోనే ఆ గుండ్రదనం తెస్తారు, కొనలన్నీ చెక్కుచెదరకుండా పైకే ఉంటాయి. రంగులపెట్టె గారు చెప్పిన మసక అంచు ఇదే.

ఇక రకాల విషయానికొస్తే, ఉడుత వెంట్రుక చాలా సన్నం, చాలా మెత్తన. పొడి రంగుకి హాయిగా ఉంటుంది, క్రీములకి పనికిరాదు, త్వరగా పాడవుతుంది. మేక వెంట్రుకలో రకరకాల గ్రేడులున్నాయి, చాలా మెత్తటిదీ ఉంది, బిరుసుదీ ఉంది. పోనీ, అంటే పొట్టి గుర్రం వెంట్రుక సాధారణంగా మేలురకం మేక వెంట్రుకంత మెత్తగా ఉండదు. అందుకే లేబుల్ మీద ‘నేచురల్ హెయిర్’ అని మాత్రమే రాసుంటే ఏమీ చెప్పనట్టే లెక్క. ఇంకో తమాషా ఏమిటంటే, ‘క్యామెల్ హెయిర్’ అని అమ్మే కుంచెల్లో ఒంటె వెంట్రుక ఉండదు. ఉడుతదో, మేకదో, పోనీదో, వాటన్నిటి మిశ్రమమో ఉంటుంది. ఫలానా జంతువు పడదనుకునేవాళ్ళు ఆ పేరు చూసి మోసపోకూడదు.

పచ్చపిట్ట

తెల్లకుంచె గారూ, చాలా తెలుసుకున్నా, థాంక్స్. కానీ సెన్సిటివ్ చర్మానికి జంతువుల వెంట్రుకలు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. జంతువుల మీద జాలి అనేది నా కారణాల్లో ఒకటి, దాన్ని పక్కన పెట్టినా ఇంకా ఉన్నాయి.

సహజమైన వెంట్రుక ఉపరితలం మీద సన్నటి పొలుసులుంటాయి. పౌడర్ వాటిలో చిక్కుకుంటుంది, అందుకే పౌడర్‌ని బాగా పట్టుకుంటుంది. నూనె, పాత మేకప్ కూడా అక్కడే చిక్కుకుంటాయి. సింథటిక్ పోగు నునుపుగా ఉంటుంది, క్రీమ్‌ని పీల్చుకోదు, కడిగితే త్వరగా ఆరుతుంది. ఎంత తేలిగ్గా కడగగలిగితే అంత తరచుగా కడుగుతాం. మనలాంటి చర్మానికి అంతకంటే ఏం కావాలి? పైగా ఇప్పుడు సింథటిక్ పోగుల కొనల్ని కూడా సన్నగా వచ్చేలా చేస్తున్నారు. వివరాల్లో నైలాన్ అనో, పీబీటీ అనో, టాక్లాన్ అనో రాస్తారు. అన్నీ ప్లాస్టిక్ పోగులే.

తెల్లకుంచె

కడగడం విషయంలో మీ మాటే రైటమ్మా. క్రీములకి, లిక్విడ్‌లకి సింథటిక్కే సరి. పొడి పౌడర్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. మంచి మేక వెంట్రుక ఒక్కసారి తగిలితే పౌడర్ సమంగా పరుచుకుంటుంది. నునుపు పోగుతో అదే పని కావాలంటే ఎక్కువసార్లు తిప్పాలి. ఎక్కువ తిప్పితే ఎక్కువ రాపిడే కదా.

పచ్చపిట్ట

దానికోసమే ఇప్పుడు వంకీలు తిరిగిన సింథటిక్ పోగులు వస్తున్నాయి, ఆ వంకీల్లో పౌడర్ నిలుస్తుంది. సరే, ఇది మనిద్దరి మధ్యా తేలేది కాదులెండి :)

స్కేలుబద్ద

ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. ఏ వెంట్రుక అన్నదానికన్నా దాని మందం, పొడవు ఎక్కువ లెక్కలోకి వస్తాయి. ఒక చివర బిగించి ఉన్న పోగు కొనని వంచడానికి ఎంత బలం కావాలో ఇంజనీరింగ్ చదివిన ఎవరినడిగినా చెప్తారు. అదే పదార్థంతో చేసిన పోగు మందం రెట్టింపైతే బలం 16 రెట్లు కావాలి. మందం అలాగే ఉండి పొడవు సగమైతే 8 రెట్లు. ఆ బలమంతా తిరిగి మీ చర్మం మీదే పడుతుంది.

అంటే ఒకే పోగుతో చేసిన రెండు బ్రష్‌లలో పొడుగ్గా ఉన్నది దూదిలా తోచి, పొట్టిగా ఉన్నది చీపురులా గుచ్చుకోవచ్చు. దీనికి తోడు కుచ్చు మరీ ఒత్తుగా ఉంటే పోగులకి పక్కకి వంగే చోటు కూడా ఉండదు, ఒకదానికొకటి ఆనుకుని నిటారుగా నిలబడిపోతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ‘సాఫ్ట్’ అన్న మాట వదిలేసి, వెంట్రుకల పొడవు ఎన్ని మిల్లీమీటర్లో, ఫొటోలో కుచ్చు ఎంత ఒత్తుగా ఉందో చూడండి.

రంగులపెట్టె

ఇన్నాళ్ళూ చేతికి తెలిసినదానికి లెక్క చెప్పారు మాస్టారూ. పాత బ్రష్ అరిగి పొట్టిదైన కొద్దీ గరుకవడం కూడా ఇందుకేనన్నమాట.

మందులచీటీ

నేను ఫార్మసిస్ట్‌ని. వానచినుకు గారూ, బ్రష్ మార్చేముందు కొన్ని అడగాలి. మంట బ్రష్ తగిలిన వెంటనే వస్తుందా, మర్నాడో ఆ మర్నాడో దురదగా వస్తుందా? ఎర్రబడేది బ్రష్ తిరిగిన చోటే కాకుండా ఇంకెక్కడైనా ఉందా? రాత్రిపూట ముఖానికి ఏం రాస్తున్నారు? కొత్త బ్రష్‌ల్ని వాడేముందు కడిగారా, కడిగితే దేనితో?

ఎందుకడుగుతున్నానంటే, ఇరిటేషన్, అలర్జీ రెండూ ఒకటి కావు. రాపిడి వల్ల వచ్చే ఇరిటేషన్ అప్పటికప్పుడే తెలుస్తుంది, మంటగా ఉంటుంది. వస్తువు పడక వచ్చే కాంటాక్ట్ అలర్జీ సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది, దురద ఎక్కువ. బ్రష్‌లో అలర్జీ తెప్పించగలిగేవి వెంట్రుకలొక్కటే కాదు. వెంట్రుకల్నీ పిడినీ కలిపే లోహపు భాగం ఉంటుంది, ఫెర్రూల్ అంటారు. దాని మీద నికెల్ పూత ఉండొచ్చు. కాంటాక్ట్ అలర్జీ తెప్పించేవాటిలో నికెల్ చాలా మామూలుది. గిల్టు నగలు, జీన్స్ గుండీ, బెల్టు బకిల్ తగిలిన చోట దద్దుర్లు వచ్చేవాళ్ళు దీన్ని గట్టిగా అనుమానించాలి. పొట్టి బ్రష్‌ని గట్టిగా నొక్కితే ఆ లోహం అంచు చర్మానికి తగులుతుంది.

ఇక బ్రష్ కడిగే సబ్బు. లిక్విడ్ సోపుల్లో, షాంపూల్లో మిథైల్‌ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే పదార్థం) ఉండొచ్చు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక పదార్థాన్ని ‘ఈ ఏటి అలర్జెన్’ అని ప్రకటిస్తుంది. 2008లో నికెల్‌ని, 2013లో ఈ ప్రిజర్వేటివ్‌ని ఎంచారు. సరిగ్గా జాడించని బ్రష్‌లో సబ్బు మిగిలిపోతే అది రోజూ ముఖానికి పూసుకున్నట్టే.

వానచినుకు

అమ్మో, ఇంత సంగతి ఉందా! అందరికీ థాంక్స్. జవాబులు ఇవిగో.

మంట బ్రష్ తిప్పుతుండగానే మొదలవుతుంది. గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది, మర్నాడు దురదలేమీ ఉండవు. నగలతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. రాత్రిపూట డాక్టర్ గారు రాసిన అజెలాయిక్ యాసిడ్ 15% జెల్ రాస్తాను. బ్రష్‌లు రాగానే గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడిగా, గట్టిగా జిడ్డు వదులుతుందని ఎవరో వీడియోలో చెప్పారు.

రంగులపెట్టె గారూ, మీరన్నట్టే ఫౌండేషన్ బ్రష్ చదునుగా, బాగా ఒత్తుగా ఉంటుంది. కబుకి అంటారే, అది. వెలుతురుకి పెట్టి చూశా. అంచు కత్తితో కోసినట్టే ఉంది. పౌడర్ బ్రష్ అంచు మాత్రం మసగ్గానే ఉంది, దానితో మంట కూడా తక్కువ. బ్లష్ బ్రష్‌తో ఒకేచోట, ఎడమ చెంప ఎముక మీద సూదితో పొడిచినట్టు ఉంటుంది. అదేమిటో అర్థం కావట్లేదు.

మందులచీటీ

మీరు చెప్పినదాన్ని బట్టి అలర్జీ కన్నా రాపిడి మీదే అనుమానం ఎక్కువ. అజెలాయిక్ యాసిడ్ మంచి మందే, కానీ కొందరికి దానివల్లే మంట, చురుకు ఉంటాయి, ముఖ్యంగా మొదటి వారాల్లో. రెటినాయిడ్లు (విటమిన్ ఎ రకం మందులు), ఏహెచ్‌ఏలు (గ్లైకాలిక్ లాంటి యాసిడ్లు) రాసేవాళ్ళకీ అంతే. అప్పటికే చురుక్కుమంటున్న చర్మానికి మామూలు బ్రష్ కూడా గరుకే. మందు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ గారికి ఒక మాట చెప్పండి.

గిన్నెల లిక్విడ్ మానేయండి. వాసన లేని, తేలికపాటి క్లెన్సర్ ఏదైనా చాలు. బ్రష్ మార్చినా, సబ్బు మార్చినా తగ్గకపోతే డెర్మటాలజిస్ట్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోవచ్చు. వీపు మీద అతికించిన పట్టీలు 48 గంటలకి తీసి చూస్తారు, తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి మళ్ళీ చూస్తారు.

రంగులపెట్టె

ఒకేచోట సూదిపోటు అన్నారు కదా, అది ఒక్క వెంట్రుక పని. తెల్ల కాగితం మీద బ్లష్ బ్రష్‌ని కొద్దిగా నొక్కి విప్పండి. మిగతావన్నీ వంగిపోతే ఒకటి మాత్రం బిరుసుగా నిలబడి ఉంటుంది, లేదా కొన మడత పడి ఉంటుంది. దాన్ని సగానికి కత్తిరించకండి. పొట్టి మోడు మిగిలి ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది, పైన స్కేలుబద్ద గారి లెక్క చూశారుగా. ప్లకర్‌తో పట్టి మెల్లగా లాగండి. రాకపోతే ఫెర్రూల్ దగ్గరికి, మొదలంటా కోసేయండి.

కబుకిని ముఖానికి వాడకండి. ఫౌండేషన్‌కి మీకు డ్యుయో ఫైబర్ బ్రష్ నప్పుతుందనుకుంటున్నా. దానిలో పొడుగు పోగులు పల్చగా, పొట్టివి కింద ఒత్తుగా ఉంటాయి, ముఖానికి తగిలేవి పొడుగువే. దాంతో రుద్దకూడదు, తట్టాలి. ఫౌండేషన్‌ని ముందు వేళ్ళతో చుక్కలుగా పెట్టుకుని, బ్రష్‌తో అంచులు కలిపితే చాలు. పౌడర్ కూడా బుగ్గల మీద నొక్కి వదలడమే, తిప్పడాలు వద్దు. నేను రొజేషియా ఉన్నవాళ్ళకి ముక్కు పక్కల, బుగ్గల మధ్య అసలు బ్రష్ పెట్టను. కవరేజ్ కొంచెం తగ్గుతుంది, తగ్గనీ.

చిట్టిచేమంతి

ఇంత తలనొప్పి ఎందుకండీ, స్పాంజ్ వాడుకోవచ్చుగా? తడిపి పిండి అద్దుకుంటే రాపిడే ఉండదు.

పచ్చపిట్ట

రాపిడి నిజంగానే తక్కువ. కానీ రెండు విషయాలు చూసుకోండి. రబ్బరు స్పాంజ్‌లలో లేటెక్స్ ఉండొచ్చు, అది పడనివాళ్ళు పాలీయూరెథేన్‌తో చేసినవే తీసుకోవాలి. రెండోది శుభ్రం. యూకేలోని ఆస్టన్ యూనివర్సిటీ వాళ్ళు జనం వాడుతున్న 467 మేకప్ వస్తువుల్ని పరీక్షించి 2019లో ఫలితాలు చెప్పారు. స్పాంజ్‌లలోనే బ్యాక్టీరియా అన్నిటికన్నా ఎక్కువ. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివట! తడిగా ఉండే వస్తువు కదా, బాత్రూమ్‌లో మూతపెట్టి ఉంచితే ఇంక చెప్పేదేముంది.

చిట్టిచేమంతి

93 శాతమా... నా స్పాంజ్ ఇప్పుడే కడగడానికి వెళ్తున్నా.

గోరింటపువ్వు

బ్రష్‌లయితే ఎన్నాళ్ళకోసారి కడగాలి? నేను ఆల్కహాల్ స్ప్రే కొట్టి తుడిచేస్తుంటా.

మందులచీటీ

అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ చెప్పేది 7 నుంచి 10 రోజులకోసారి. క్రీమ్, లిక్విడ్ బ్రష్‌లు అంతకంటే ముందే కడుక్కుంటే ఇంకా మంచిది. ఆల్కహాల్ స్ప్రే సూక్ష్మజీవులకి పనికొస్తుంది కానీ, గడ్డకట్టిన నూనె, పౌడర్‌ని కడగదు. అవి పోగుల్ని అతికించేసి బిరుసుగా చేస్తాయి. స్ప్రే పూర్తిగా ఆరకముందే ముఖానికి తగిలిస్తే సెన్సిటివ్ చర్మం మండుతుంది. సహజ వెంట్రుకల్ని ఆల్కహాల్ ఎండగట్టేస్తుంది, వాటికి వద్దు.

రంగులపెట్టె

కడిగే తీరు కూడా చెప్తా. గోరువెచ్చని నీళ్ళు, కొనలు కిందికి ఉండాలి. నీళ్ళు ఫెర్రూల్ లోపలికి పోతే జిగురు వదులై వెంట్రుకలు రాలతాయి, రాలిన వెంట్రుక ముఖం మీద గుచ్చుకుంటుంది. అందుకే వేడినీళ్ళలో నానబెట్టడం, మరిగించడం వద్దు. సబ్బు ఉందో పోయిందో నురగని చూసి చెప్పలేం. రెండు వేళ్ళ మధ్య కుచ్చు మొదలుని పట్టి పిండండి. జారుడుగా ఉంటే సబ్బు ఇంకా ఉన్నట్టే, మళ్ళీ జాడించండి. తువ్వాలుతో అద్ది, ఆకారం సరిచేసి, బల్ల అంచు మీద కుచ్చు గాలిలోకి వచ్చేలా పడుకోబెట్టండి. కప్పులో నిలబెట్టి ఆరబెడితే నీరంతా జిగురులోకే దిగుతుంది. ఒత్తు బ్రష్‌లు పైకి ఆరినట్టున్నా నడిమధ్యలో చెమ్మ ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. ముక్కిపోయిన వాసన వస్తే ఆ రోజుకి దాన్ని వదిలేయండి.

కొత్త బ్రష్‌కీ ఇదే. ఫ్యాక్టరీలో ఆకారం నిలవడానికి పట్టించిన గంజిలాంటి పదార్థం, దుమ్ము, మిగులు రంగు ఉండొచ్చు. నల్లటి కుచ్చయితే తెల్లగుడ్డకి అద్ది చూడండి. రంగు దిగుతూనే ఉంటే వెనక్కి పంపేయండి.

వానచినుకు

అప్‌డేట్. బ్లష్ బ్రష్‌లో దొంగ దొరికాడు! కాగితం మీద నొక్కి చూస్తే అంచున ఒకే ఒక్క పోగు, మిగతావాటికంటే మందంగా, కొన మడతపడి ఉంది. ప్లకర్‌తో లాగేశా, ఆ సూదిపోటు పోయింది.

ఫౌండేషన్‌కి సింథటిక్ డ్యుయో ఫైబర్ తీసుకున్నా. తట్టి వేసుకోవడానికి టైమ్ పడుతోంది, కవరేజ్ కూడా పాతంత రావట్లేదు. కానీ మంట లేదు, అద్దంలో టమాటా ముఖం కనిపించట్లేదు. ముక్కు పక్కల వేళ్ళే. డాక్టర్ గారిని అడిగితే జెల్ కొనసాగించమన్నారు, రాపిడి మాత్రం తగ్గించుకోమన్నారు. కబుకిని లోషన్‌తో కలిపి కాళ్ళకి వాడుతున్నా, కాళ్ళేమీ అనట్లేదు.

పౌడర్ బ్రష్ విషయం మాత్రం తేలలేదు. ఉన్నది పర్వాలేదు కానీ ఇంకా మెత్తటిది కావాలనిపిస్తోంది. మేక వెంట్రుకా, సింథటిక్కా?

తెల్లకుంచె

చేతిలోకి తీసుకుని మెడ మీద చూసే వీలుంటే మేలురకం మేక వెంట్రుక చూడమ్మా. వెంట్రుక కోయలేదని రాసి ఉండాలి. చూడకుండా కొనేపనైతే పచ్చపిట్ట గారి మాటే వినండి. సహజ వెంట్రుకలో ఒక బ్రష్‌కీ ఇంకోదానికీ తేడా ఎక్కువ, సింథటిక్‌లో అంత ఉండదు.

పచ్చపిట్ట

ఓహో, సగం నెగ్గాను!

పొడవుగా, గోపురంలా, వదులుగా ఉండే సింథటిక్ తీసుకోండి. వేలితో కుచ్చు నడినెత్తిన నొక్కితే వేలు ఫెర్రూల్ వైపు తేలిగ్గా దిగిపోవాలి.

గోరింటపువ్వు

చివరిగా ఒకటి. కంటి రెప్పలకి? నా రెప్పలే ముందు పొట్టు రాలతాయి.

మందులచీటీ

పొట్టు రాలుతుంటే ముందు డాక్టర్‌కి చూపించండి, ఆ రోజుల్లో ఐషాడో వద్దు. రెప్ప చర్మం చాలా పల్చన. గోళ్ళరంగు లాంటి చేతికున్న వస్తువుల అలర్జీ కూడా అక్కడే బయటపడుతుంటుంది. కారణం బ్రష్షే అయి ఉండాలని లేదు.

రంగులపెట్టె

తగ్గాక మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు, సెట్‌లో వచ్చే చిన్న చదును బ్రష్‌లని, పెన్సిల్ మొనలాంటివాటిని పక్కన పెట్టండి. వాటి వెంట్రుకలు పొట్టి, అందుకే బిరుసు. బేస్ రంగు ఉంగరం వేలితో అద్దుకోండి. అంచులు కలపడానికి మాత్రం పొడుగు పోగులుండే బ్లెండింగ్ బ్రష్ ఒకటి వాడండి, పిడి చివర పట్టుకుని. దగ్గరగా పట్టుకుంటే తెలియకుండానే బలం పెట్టేస్తాం.